నా దగ్గర ఉంది గదా!

సావనీరుకు పరిశోధక విద్యార్థుల తరఫున ఏదైనా రాసివ్వమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "నాకు కథలు రావు, కవితలు అసలే రావు. కంప్యూటర్ల గొడవ తప్ప ఇంకొకటి తెలియదు" అని తప్పించుకోజూశాను. "ఆ గొడవే రాయండి, ఎవరో ఒకరు చదవకపోతారా" అన్నాడాయన. కనుక పాఠకులు మన్నించాలి. ఒక కంప్యూటరు ఆటకు చిన్న అనుబంధం తగిలించబోయి నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య నాలుగుసార్లు తిరిగిన వైనం ఇది. నేర్చుకున్న పాఠం ఒకటే. దానికి నాలుగు ఆదివారాలు ఖర్చయ్యాయి.

2013 నాటి సంగతి. నేను అప్పుడు నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. 2022 ఏప్రిల్ దాకా అది కర్నూలు జిల్లాలోనిదే. మా చిన్నాయన వాళ్లది ఆళ్లగడ్డ. నంద్యాల నుంచి కడప పోయే రోడ్డులో శిరివెళ్ల మీదుగా పోతే 40 కిలోమీటర్ల దూరం. చిన్నాయన శిల్పి. ఆళ్లగడ్డ శిల్పుల చేతి విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతుంటాయి. బస్సు దిగి షెడ్ల వెంబడి నడిస్తే ఒకవైపు ఉలి చప్పుడు, ఒకవైపు రాతికోత మిషన్ల రొద. ఇల్లు చేరేలోగా తలమీద తెల్లగా రాతిదుమ్ము.

ఆ యేడు జూలై నెలాఖరున రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడి, సీమలో ఉద్యమం లేచి, ఆగస్టు నడుమ నుంచి అక్టోబరు దాకా ఆర్టీసీ బస్సులు కదల్లేదు. బస్సులు మళ్లీ మొదలైన కొద్ది రోజులకే మా తమ్ముడు సైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తమ్ముడంటే చిన్నాయన కొడుకు, ఎనిమిదో తరగతి. ఆరు వారాలు పిండికట్టుతో మంచం దిగకూడదన్నారు. చూడడానికి వెళ్లాను. వాడు మంచం పక్కకు కంప్యూటరు లాగించుకుని ఆట ఆడుకుంటున్నాడు.

ఆ కంప్యూటరు చిన్నాయన లెక్కలకనీ, గుళ్లవాళ్లు పంపే ఫొటోలు చూసుకోవడానికనీ సెకండ్‌హ్యాండులో కొన్న పెంటియం-4. ఇంటర్నెట్టు లేదు. అందులో డెబియన్ 6 అనే లినక్సును డీవీడీల నుంచి ఎక్కించింది నేనే. దానితోపాటు 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్' అనే ఆటనూ పెట్టిచ్చాను. డేవిడ్ వైట్ అనే ఆయన 2003లో మొదలుపెట్టగా, ఎందరో కలిసి పెంచిన ఉచితమైన ఆట అది. ఆరు పలకల గడుల మీద వంతులవారీగా సైన్యాలను నడపాలి. అసలు ఆట ఒకటే అయినా, అందులో ఆడే దండయాత్రలు వేరువేరుగా ఉంటాయి. డెబియన్ వాళ్లు ఒక్కొక్క దండయాత్రను ఒక్కొక్క ప్యాకేజీగా కట్టి పెట్టారు. నేను ఎక్కించిన ఒక్క దండయాత్రనూ మావాడు మూడుసార్లు గెలిచి కూర్చున్నాడు.

"అక్కా, ఇంకోటి ఉందంట గదా. రాజకుమారుణ్ని అడవిలో దాచి పెంచుతారంట. అది తెస్తావా?"

వాడడిగింది 'ఎయిర్ టు ది థ్రోన్' అనే దండయాత్ర. మా కాలేజీ లాబులో అది ఉంది, నేను ఆడాను కూడా. "ఓస్, అంతేనా? వచ్చే ఆదివారం తెస్తా" అన్నాను. ఆ "ఓస్" అన్న మాటే నన్ను నాలుగుసార్లు తిప్పింది.

ఇక్కడ లినక్సు ఎరగని మిత్రుల కోసం ఒక మాట. లినక్సులో ఏ ప్రోగ్రామైనా ఒక ప్యాకేజీగా, అంటే మూటగా వస్తుంది. ఆ మూటలను విప్పి సర్దేవాడు ప్యాకేజీ మేనేజరు. డెబియన్‌లో ఇద్దరున్నారు. డీపీకేజీ అనేవాడు చేతికిచ్చిన మూటను విప్పి సర్దుతాడు, దాని పుట్టుక 1994లో. ఆప్ట్ అనేవాడు ఏ మూటకు ఇంకేయే మూటలు కావాలో లెక్కగట్టి వాటినీ తెప్పిస్తాడు, 1999 నాటి డెబియన్ 2.1తో వచ్చాడు. ప్రతి మూటపైనా ఒక చీటీ ఉంటుంది. దాని మీద తన పేరు, వెర్షను, ఏ జాతి యంత్రానికి పనికొస్తుంది, తన కంటే ముందు ఏమేం ఉండాలి అన్నవి రాసి ఉంటాయి. ఆ ముందుండవలసినవాటినే డిపెండెన్సీలు అంటారు.

వాటిలోనూ తరతమాలున్నాయి. మన సీమ పద్ధతిలో చెప్తాను. సంగటికి రాగిపిండి 'డిపెండ్స్', అది లేనిదే సంగటి లేదు. ఊరుబిండి 'రికమెండ్స్', లేకపోయినా తినొచ్చు గానీ ఎవరూ అట్లా తినరు. నెయ్యి 'సజెస్ట్స్', ఇంట్లో ఉంటే వేసుకోవచ్చు. ఇంకొకటి 'ప్రొవైడ్స్'. నంద్యాల పోవాలంటే బండి కావాలి, అది ఆర్టీసీ బస్సే కానక్కర్లేదు. బస్సులు లేని ఆ రెండు నెలలూ జీపులు ఆ పని చేశాయి గదా. డెబియన్‌లో డూమ్ అనే పాత ఆట ఉదాహరణ ఇట్లాంటిదే. దాని అనుబంధాలు ఫలానా ఇంజనే కావాలని పట్టుబట్టకుండా 'డూమ్-ఇంజిన్' అనే పదవిలో ఎవరున్నా సరేనంటాయి.

ఆటల అనుబంధాల దగ్గర ఈ చీటీ అవసరం మరీ ఎక్కువ. ప్రోగ్రామైతే ఏదోవిధంగా తనంతట తాను నడుస్తుంది. అనుబంధానికి సొంత కాళ్లు లేవు. దండయాత్ర అంటే పటాలు, సంభాషణలు, బొమ్మలు. వాటిని చదివి నడిపించే అసలు ఆట, అదీ తనకు తగిన వెర్షను ఆట, కింద లేకపోతే అది ఒట్టి కాగితాల కట్ట.

ఇదంతా నాకు అప్పుడు తెలియదా అంటే తెలుసు. పుస్తకంలో చదివిందే. అయినా మొదటి ఆదివారం ఏం చేశానో చూడండి. లాబులోని యంత్రం ముందు కూర్చుని, ఆ దండయాత్ర మూటనూ దానికి కావలసిన సమస్తాన్నీ దింపిపెట్టమని ఆప్ట్‌కు చెప్పాను. అది ఒకే ఒక్క మూట దింపింది. ఇంత సులభమా అని మురిసిపోయి పెన్‌డ్రైవులో వేసుకుని బస్సెక్కాను. ఆళ్లగడ్డలో తమ్ముడు చూస్తుండగా ఠీవిగా ఎక్కించబోయాను. డీపీకేజీ ఒప్పుకోలేదు. "దీనికి వెస్నోత్ 1.10 కోర్ కావాలి, అది ఇక్కడ లేదు" అన్నది.

"ఆట ఉంది గదక్కా, నేను ఆడ్తానే ఉండా గదా!" అన్నాడు వాడు. ఉంది, కానీ అది 1.8. లాబులో సీనియర్లు ఆ యేడు మే నెలలో విడుదలైన డెబియన్ 7 ఎక్కించారు, అందులోనిది 1.10. ఇక ఆప్ట్ ఒక్క మూటే ఎందుకు దింపిందంటే, మిగతావన్నీ లాబు యంత్రంలో ముందే ఉన్నాయి కాబట్టి. 'కావలసిన సమస్తం' అంటే దాని లెక్కలో 'ఇక్కడ లేనిదంతా' అని అర్థం. ఆళ్లగడ్డలో ఏముందో దానికెట్లా తెలుస్తుంది? నేను చెప్పలేదు. నేనే అడిగి తెలుసుకోలేదు.

రెండో ఆదివారం 1.10 కోర్ మూటనూ, డేటా మూటనూ లాబులో సంపాదించి తీసుకుపోయాను. ఈసారి జాతి కుదరలేదు. లాబువి 64 బిట్ల యంత్రాలు, చిన్నాయనది 32 బిట్లది. "ఈ మూట ఏఎండీ64, ఈ యంత్రం ఐ386" అని ఒక్క ముక్కలో తోసిపుచ్చింది. ఫోను లేదా అంటారేమో. ఉంది. బయల్దేరే ముందు తమ్ముడికి ఫోను చేసి, ఫలానా ఆజ్ఞ కొట్టి చూసి చెప్పరా అంటే అర నిమిషంలో చెప్పేవాడు. నాకు అవసరమనిపించలేదు. నా దగ్గర నడుస్తోంది గదా, వాడి దగ్గర ఎందుకు నడవదు?

మూడోసారి పట్టుదలకు పోయాను. 32 బిట్ల కోర్ మూటను వెతికి దింపుకుని శనివారమే వెళ్లాను. ఇప్పుడేమో "నాకు ఇంతకంటే కొత్త సీ-లైబ్రరీ కావాలి, ఫలానా బూస్ట్ లైబ్రరీలు కావాలి" అని మొదలుపెట్టింది. పాత డెబియన్‌లో అవి ఎట్లా ఉంటాయి? రాత్రి ఎనిమిదయింది. తమ్ముడు దిండుకు ఆనుకుని, ఒక్కమాట మాట్లాడకుండా తెర వంకే చూస్తున్నాడు. నాకు రోషం వచ్చింది. డీపీకేజీకి 'ఫోర్స్-డిపెండ్స్' అని ఒక మాట ఉంది. "నీ తనిఖీలు కట్టిపెట్టు, ఏమైనా నేను చూసుకుంటా" అని చెప్పడం. అది కొట్టాను. మూటలన్నీ చకచకా ఎక్కిపోయాయి. మెనూలో కొత్త ఆట బొమ్మ కూడా వచ్చింది. తమ్ముడి ముఖం వెలిగింది. నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. లైబ్రరీ దొరకలేదని లోపల ఎక్కడో చెప్పి, తెరవకుండానే అది మూసుకుపోతోంది.

అంతటితో పోతే బాగుండేది. ఆ రాత్రి ఒక విగ్రహం లారీకెక్కాలి. దానితోపాటు పంపే కాగితాలు ప్రింటు తీసుకుందామని చిన్నాయన ఆ వారమే పాత ప్రింటరొకటి తెచ్చాడు. దాని డ్రైవరు డీవీడీలోనే ఉంది. ఎక్కించబోతే ఆప్ట్ ససేమిరా అన్నది. ముందు విరిగిన డిపెండెన్సీలను బాగుచెయ్యి, ఆ తర్వాతే ఇంకేదైనా అని. నేను ఆట కోసం బలవంతంగా దూర్చినదానికి, ఆటతో ఏ సంబంధమూ లేని ప్రింటరు ఆగిపోయింది. చిన్నాయన ఒక్కమాట అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఆ చేతులతోనే రెండు కాగితాలూ నిదానంగా రాసి డ్రైవరుకిచ్చాడు.

అందరూ పడుకున్నాక తమ్ముడు మెల్లగా, "అక్కా, నువ్వు ఇంక తేవద్దులే. ఊరికే బస్సు చార్జీలు దండగ. నాకు పాతదే బాగుంది" అన్నాడు. కోపంతో అనుంటే సర్దుకునేదాన్ని. నన్ను కాపాడడానికి అన్నాడు. పదమూడేళ్ల పిల్లవాడు నాకు దారి ఇస్తున్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారి చిన్నాయన షెడ్డులో ఫోను మాట్లాడుతుంటే నేను కాఫీగ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఎవరో దూరపు ఊరి గుడివాళ్లు. ఉన్న విగ్రహానికి వెనక మకరతోరణం కావాలని అడుగుతున్నారు.

"చేస్తాం స్వామీ. పీఠం వెడల్పెంత? పీఠం నుంచి కిరీటం దాకా ఎత్తెంత? తోరణం కాళ్లు పీఠం మీద నిలబడాల్నా, వెనక గోడకు ఆనాల్నా?"

అవతల వాళ్లకు కొలతలు తెలిసినట్టు లేదు. మీరు మామూలుగా చేసే సైజులో చేసెయ్యండి అన్నారు కాబోలు. చిన్నాయన నవ్వాడు.

"మామూలు సైజు నాది స్వామీ. మీ గుళ్లో సామిది కాదు గదా. కొలతలు తీసి పంపండి. అంతవరకు నేను ఉలి పెట్టను."

ఫోను పెట్టేసి ఆయన తన పనిలో పడ్డాడు. నాకోసం అన్న మాట కాదది. నా కంప్యూటరు గోల ఆయనకు తెలియదు కూడా. కానీ నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మకరతోరణం అంటే ఏమిటి? అనుబంధం. ఒంటరిగా దానికి అర్థం లేదు. అది ఏ విగ్రహం వెనక నిలబడాలో ఆ విగ్రహం కొలత కావాలి. ఆ కొలత చిన్నాయన షెడ్డులో ఎంత వెతికినా దొరకదు, అది ఆ గుళ్లోనే ఉంటుంది. ఇరవైయేళ్ల అనుభవం ఉన్నవాడు కొలత అడిగి గానీ ఉలి పట్టడం లేదు. నేను మూడు వారాలుగా నా లాబు కొలతలతో తోరణాలు చెక్కి, ఆళ్లగడ్డకు మోస్తున్నాను!

లేచి కంప్యూటరు దగ్గరికి పోయాను. ముందు రాత్రి బలవంతంగా దూర్చినవాటిని ఒక్కొక్కటిగా తీసేశాను. విరిగినది ఏదీ మిగలకపోయేసరికి ఆప్ట్ మారుమాట లేకుండా ప్రింటరు డ్రైవరు ఎక్కించింది. అది పగబట్టిందనుకున్నాను గాని, అది చెప్పిన మాట మీద నిలబడిందంతే. తర్వాత ఆ యంత్రం చిట్టాను పెన్‌డ్రైవులోకి ఎత్తుకున్నాను. డీపీకేజీ తాను సర్దిన ప్రతి మూట పేరూ వెర్షనూ 'స్టేటస్' అనే ఒక మామూలు ఫైలులో రాసుకుంటుంది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మూడు వారాలుగా అది అక్కడే ఉంది.

నంద్యాలకు వచ్చి ఆ చిట్టాను ముందు పెట్టుకుని చూస్తే, సిగ్గుపడే సంగతి తేలింది. వాడి దగ్గర ఉన్నది 1.8 ఆట. ఆ 1.8కి తగిన 'ఎయిర్ టు ది థ్రోన్' మూట పాత డెబియన్ గోదాములో అప్పటికీ ఉంది. దానికి ముందుండవలసినవన్నీ వాడి చిట్టాలో ఉన్నాయి. కావలసింది ఒకే ఒక్క మూట! కొత్త ఆట అక్కర్లేదు, కొత్త లైబ్రరీలు అక్కర్లేదు. నా లాబులో ఉన్న కొత్తదాన్నే వాడికీ తగిలించాలని చూశాను గాని, వాడికి ఉన్నదానికి సరిపడేదేదని చూడలేదు.

నాలుగో ఆదివారం ఆ మూట ఎక్కింది. డీపీకేజీ ఒక్క ప్రశ్న వేయలేదు. తమ్ముడు నొక్కాడు, పటం తెరుచుకుంది. "వచ్చె!" అని మంచం మీద ఎగరబోయి కాలు గుర్తొచ్చి ఆగాడు. ఇంకో వారంలో పిండికట్టు తీసేశారు. అంటే నాలుగు వారాలు ఆడవలసిన ఆటను వాడు ఒక వారమే ఆడాడు. ఆ మూడు వారాలూ నా "ఓస్"కు పోయాయి.

ఈ తిప్పలు పడింది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. ఇంటర్నెట్టు లేని యంత్రాల కోసమే రితేశ్ రాజ్ సరాఫ్ అనే డెబియన్ డెవలపరు 'ఆప్ట్-ఆఫ్‌లైన్' అనే పనిముట్టు తయారుచేశారు. దాని పద్ధతి చూస్తే నాకు మా చిన్నాయనే గుర్తొస్తాడు. మొదటి అడుగు ఇంటర్నెట్టు ఉన్న యంత్రం దగ్గర కాదు, లేని యంత్రం దగ్గర వేయాలి. తనకేం కావాలో అది చీటీ రాసిస్తుంది. ఆ చీటీ పట్టుకుని ఉన్న యంత్రం దగ్గరికి పోయి సరుకు తెచ్చుకోవాలి. చీటీ లేనివాడి దగ్గర పుట్టి ఉన్నవాడి దగ్గరికి పోవాలి. నేను దాన్ని తలకిందులు చేశాను.

ఈ తనిఖీ చిన్న పనీ కాదు. ఒక మూటను అసలు ఎక్కించడం వీలవుతుందా లేదా అని తేల్చడం, సాధారణ రూపంలో, ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠిన సమస్యల కోవకు చెందుతుందని ఇడాస్ అనే ఐరోపా పరిశోధక బృందం 2006లో చూపింది. నేను పరిశోధనలో ఈ దారి పట్టడానికి ఆ పత్రం ఒక కారణం. ఇవ్వాళ ఫ్లాట్‌ప్యాక్ వంటి పద్ధతులు వచ్చాయి. పెళ్లివారు వంటమనిషిని వెంటబెట్టుకుని వచ్చినట్టు, ప్రోగ్రాము తన సామాను చాలావరకు తానే మోసుకొస్తుంది. అయినా దానికీ కింద 'రన్‌టైమ్' అనే పీఠం ఒకటి ఉండాలి. వెస్నోత్ ఆటలోనే అనుబంధాలు దింపుకునే అంగడి ఒకటి ఉంది. అక్కడ కూడా అనుబంధం రాసినవాళ్లు దానికి ఏమేం కావాలో ప్రకటించాలి. అప్పుడే ఆట మనల్ని "దీనికి ఇవి కూడా కావాలి, దింపనా?" అని అడగగలుగుతుంది. రాసినవాడు ఆ పట్టీలో ఒక పేరు మరిచిపోతే వాడికి ఏ ఇబ్బందీ కనబడదు, వాడి దగ్గర అన్నీ ఉన్నాయి గనుక. ఇబ్బంది పడేది ఎక్కడో ఉన్న ఇంకొకడు.

మిత్రులారా, లోకంలో ఈ పొరపాటు కంప్యూటర్లకే పరిమితం కాదని మీకూ తెలుసు. మనం హాస్టల్లో చేరిన మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. ఫలానా పత్రం ఉంటుంది గదా, ఫలానా పుస్తకం చదివే ఉంటారు గదా, ఇంగ్లీషు వచ్చే ఉంటుంది గదా అని అనుకున్నవాళ్ల మధ్య మనలో ఎంతమంది నోరెత్తక నిలబడ్డామో! వాళ్లు చెడ్డవాళ్లు కారు. నేను తమ్ముడికి చెడు చేయాలనుకున్నానా? అడగలేదు, అంతే. ఈ యేడు కొత్తగా వచ్చే జూనియర్లకు మనం ఏదైనా సాయం చేసేటప్పుడు, మన దగ్గరున్నది వాళ్లకిచ్చే ముందు, వాళ్ల దగ్గర ఏముందో ఒకసారి అడుగుదాం.

తమ్ముడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. కాలూ బాగుంది, కంప్యూటరు పనీ బాగా పట్టుబడింది. మొన్న సంక్రాంతికి నేను, "నువ్వు రాసిన ఆ ప్రోగ్రాము నాకూ పంపురా, నా లాప్‌టాప్‌లో వేసుకుంటా" అన్నాను. వాడు వెంటనే పంపలేదు.

"ముందు నీ మిషన్ స్టేటస్ ఫైలు పంపు అక్కా. చూసి పంపుతా" అన్నాడు.